మా ఇంటి కంప్యూటర్‌కు ఏ పని సరిపోతుందో చెప్పాల్సింది మీరే

స్వచ్ఛంద కంప్యూటింగ్ ప్రాజెక్టులు నడుపుతున్న శాస్త్రవేత్తలకు, సర్వర్ల బాధ్యులకు, ఆ ప్రాజెక్టులకు పేరూ నీడా ఇస్తున్న విశ్వవిద్యాలయాలకు



మీలో ఒక ప్రాజెక్టు వారు ఈ మధ్య మా ఇళ్ళ కంప్యూటర్లకు పంపే ఒక్కో టాస్కుకు కావలసిన మెమరీని ఉన్నట్టుండి పెంచేశారు. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. నిన్నటిదాకా నిక్షేపంగా నడిచిన కంప్యూటర్లలో తెల్లారేసరికి సగం టాస్కులు మెమరీ కోసం ఎదురుచూస్తూ ఆగిపోయి ఉన్నాయి. ఇదేమిటని అడిగిన వాళ్ళకు వచ్చిన జవాబు రెండే ముక్కలు: కొత్త కంప్యూటర్ కొనుక్కోండి, కుదరకపోతే వేరే ప్రాజెక్టు చూసుకోండి. ఏ ప్రాజెక్టు చూసుకోవాలో మాత్రం చెప్పలేదు. ఆ ప్రాజెక్టు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ ధోరణి ఒక్కరిదే అయితే వాళ్ళకే విడిగా రాసేవాణ్ణి. కంప్యూటర్లు ఇచ్చేవాళ్ళు ఎలాగూ వస్తుంటారు, ఎవరి మెషీన్‌కు ఏది సరిపోతుందో వాళ్ళే తంటాలు పడి తేల్చుకుంటారు అన్న ఉదాసీనత మీలో చాలామందికి అలవాటైపోయింది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మీరు మమ్మల్ని అడుగుతున్నదేమిటో ఒకసారి మీరే చూసుకోండి. కంప్యూటర్ ఖాళీగా ఉన్న సమయం ఇస్తే చాలంటారు. వినడానికి అది ఖర్చులేని దానంలా ఉంటుంది. ఖాళీగా ఉన్న ప్రాసెసర్‌కూ, అన్ని కోర్లూ నిండుగా పనిచేస్తున్న ప్రాసెసర్‌కూ కరెంటులో ఎంత తేడా ఉంటుందో మాకంటే మీకే బాగా తెలుసు. ఒక డెస్క్‌టాప్ మీ పని కోసం అదనంగా 100 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా ఆన్‌లో ఉంటే 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లు. గ్రాఫిక్స్ కార్డు కూడా పనిలో దిగి ఆ అదనం 200 వాట్లయితే నెలకు 144 యూనిట్లు. మా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబులున్నాయి. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు ఉండదు, 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. నెలకు 150 యూనిట్లతో గుట్టుగా నెట్టుకొచ్చే ఇంట్లో ఒక పిల్లవాడు సైన్సు మీద ఇష్టంతో మీ ప్రాజెక్టులో చేరి కంప్యూటర్‌ను రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉంచితే, ఆ ఇల్లు 72 యూనిట్ల అదనానికి కాదు, 222 యూనిట్లకు డబ్బు కడుతుంది. మీ ‘చేరండి’ బటన్ పక్కన ఈ లెక్క ఎక్కడైనా ఉందా? కనీసం మీ టాస్కు నడిచేటప్పుడు మామూలు కంప్యూటర్ ఎన్ని వాట్లు అదనంగా తీసుకుంటుందో చెప్పే ఒక్క వాక్యం ఉందా?

ఆ కరెంటు ఒక మంచి లెక్కకు ఖర్చయితే మాకు బాధ లేదు. తెలిసే ఇస్తున్నాం, సంతోషంగానే ఇస్తున్నాం. మా బాధంతా వృథా గురించి. సరిపోని మెషీన్‌కు సరిపోని పని వెళ్తే ఏమవుతుందో మీ సర్వర్ లెక్కల్లో రోజూ కనిపిస్తూనే ఉంటుంది. టాస్కు గడువు దాటిపోతుంది, లేదా మధ్యలో విఫలమవుతుంది. మీలో చాలామంది ఫలితాన్ని సరిచూసుకోవడానికి ఒకే పనిని ఇద్దరికి పంపుతారు. ఒకరిది గడువు దాటితే మూడో మనిషికి పంపాలి. అంటే సరిపోని మెషీన్ ఉన్నవాడు తన కరెంటు పోగొట్టుకోవడమే కాదు, సకాలంలో పని చేసి పంపిన రెండోవాడి ఫలితం కూడా రోజుల తరబడి మూలన పడి ఉంటుంది. ఇందులో ఆ ఇద్దరి తప్పు ఏముంది? ఏ పని ఎలాంటి మెషీన్ మీద నడుస్తుందో తెలిసినవాళ్ళు మీరు. ప్రోగ్రామ్ రాసింది మీరు, పరీక్షించింది మీరు. తెలిసిన సంగతి చెప్పకుండా చేతులు దులుపుకోవడం బాధ్యతాయుతమైన పనేనా?

‘కంప్యూటర్’ అని ఒకే మాటతో అందరినీ పిలుస్తున్నారు గానీ, మీ పనులన్నీ ఒక్క తీరువి కావు. ఇది మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే కావచ్చు, అయినా చెప్పక తప్పడం లేదు, ఎందుకంటే మీ మొదటి పేజీల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు. ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం వారి ఆస్టరాయిడ్స్ ఎట్ హోమ్, గ్రహశకలాల వెలుగు హెచ్చుతగ్గులను బట్టి వాటి ఆకారాన్ని లెక్కగడుతుంది. ఆ పనికి పెద్ద మెమరీ అక్కర్లేదు, పాత మెషీన్ అయినా నిదానంగా చేసుకుపోతుంది. 2003లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన క్లైమేట్ ప్రెడిక్షన్ ప్రాజెక్టు సంగతి వేరు. మొదట్లో దాని ఒక్కో నమూనా పూర్తి కావడానికి వారాలు, నెలలు పట్టేది. ఇప్పటి ఓపెన్‌ఐఎఫ్ఎస్ అనే వాతావరణ నమూనాలు ఒక్కో టాస్కుకే అనేక గిగాబైట్ల ర్యామ్ అడుగుతాయి. 4 జీబీ ల్యాప్‌టాప్ ఉన్న మనిషికి వాతావరణ మార్పు మీద ఎంత ఆర్తి ఉన్నా ఆ పని అతని వల్ల కాదు. కణభౌతిక శాస్త్రానికి చెందిన ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్‌లో అట్లాస్ టాస్కులు వర్చువల్‌బాక్స్ అనే మరో ప్రోగ్రామ్ లోపల నడుస్తాయి. అది ఎక్కించుకోవాలి, ఆఫ్‌లో ఉంటే బయాస్‌లోకి వెళ్ళి వర్చువలైజేషన్ ఆన్ చేసుకోవాలి, ర్యామ్ పుష్కలంగా ఉండాలి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళలో బయాస్ తెర మొహం చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారని మీ అంచనా?

మెమరీ మాటే ఇంకొంచెం చెప్పాలి, ఇంటి కంప్యూటర్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే కాబట్టి. మీలో ఎక్కువమంది టాస్కులను మా కంప్యూటర్లలో నడిపే బోయింక్ ప్రోగ్రామ్ మామూలు సెట్టింగుల్లో, మనిషి కంప్యూటర్ వాడుతున్నంతసేపు మొత్తం ర్యామ్‌లో సగం మాత్రమే తీసుకుంటుంది, వాడనప్పుడు 90 శాతం దాకా వెళ్తుంది. 8 జీబీ ర్యామ్, ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ తీసుకోండి. పిల్లలు దాని మీద హోంవర్క్ చేసుకుంటున్నప్పుడు మీ పనికి దొరికేది 4 జీబీ. టాస్కుకు అర జీబీ చాలంటే ఎనిమిదీ నడుస్తాయి. టాస్కు 2 జీబీ అడిగితే రెండే నడుస్తాయి, మిగతా ఆరు థ్రెడ్లూ ఊరికే కూర్చుంటాయి. అదే కంప్యూటర్ వేరే ప్రాజెక్టుకు నాలుగింతల పని చేసి పెట్టగలదు. ఇది తెలియక ఆ యజమాని తన మెషీన్ పనికిరానిదని అనుకుంటాడు. పనికిరానిది మెషీన్ కాదు, దానికి అంటగట్టిన పని. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పాలి?

ర్యామ్ ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, ఎలా అమర్చి ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట 1996 నుంచి నడుస్తోంది. ఆ వేటకు వాడే ప్రైమ్95 ప్రోగ్రామ్ నడిపినవాళ్ళను అడగండి. ఇప్పుడు పరీక్షిస్తున్న సంఖ్యలు ఎంత పెద్దవంటే ఒక్క లెక్కకు కావలసిన దత్తాంశమే 50 మెగాబైట్లు దాటుతుంది. ఇళ్ళలో ఉండే చాలా ప్రాసెసర్ల క్యాష్‌లో అది పట్టదు. ప్రతి అడుగుకూ ర్యామ్‌కు పోయి రావాల్సిందే. రెండు స్లాట్లలోనూ ర్యామ్ స్టిక్కులుంటే ఆ దారి వెడల్పుగా ఉంటుంది, ఒకే స్టిక్ ఉంటే సగానికి ఇరుకవుతుంది. మా దగ్గర అమ్మే చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఒకే స్టిక్ వేసి ఇస్తారు. ఇంకో చిన్న స్టిక్ కొని ఖాళీ స్లాట్‌లో పెడితే పనితీరు ఎంత మారుతుందో తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకు చెప్పుకుంటారు. ఆ ఒక్క వాక్యం మీ పేజీలో ఉంటే కొత్త కంప్యూటర్ కొనమని సలహా ఇచ్చే అవసరమే చాలామంది విషయంలో రాదు కదా!

గ్రాఫిక్స్ కార్డుల విషయంలో మీ మౌనం ఇంకా ఖరీదైనది. కొత్త కార్డు అన్నింట్లోనూ పాత కార్డు కంటే మెరుగని జనం నమ్ముతారు. అది అబద్ధమని మీకు తెలుసు. లెక్కలో ఎక్కువ దశాంశాల కచ్చితత్వం కావలసిన చోట, అంటే డబుల్ ప్రెసిషన్ పనుల్లో, 2011 డిసెంబరులో ఏఎండీ ప్రకటించిన రేడియాన్ హెచ్‌డీ 7970 దాదాపు 0.95 టెరాఫ్లాప్‌ల వేగం చూపుతుంది. 2020లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 ఆ రకం లెక్కల్లో 0.47 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఆటల కోసం చేసిన ఆ కార్డులో డబుల్ ప్రెసిషన్ వేగాన్ని మామూలు వేగంలో 64వ వంతుకు పరిమితం చేశారు. మామూలు లెక్కల్లో మాత్రం పాత కార్డు 4 టెరాఫ్లాప్‌లు కూడా అందుకోలేదు, కొత్తది 30కి దగ్గరగా పోతుంది. ఎంత తేడా చూడండి! డబుల్ ప్రెసిషన్ లెక్కలు చేసే మిల్కీవే ఎట్ హోమ్‌లో పాత రేడియాన్ కార్డులు ఏళ్ళ తరబడి ముందు వరుసలో నిలబడింది ఈ కారణంగానే. 2023లో ఆ ప్రాజెక్టు తన గ్రాఫిక్స్ కార్డు పనిని ముగించి, ప్రాసెసర్ పని ఒక్కటే ఉంచుకుంది. ఒక పరిశోధన పూర్తయితే ముగించడంలో తప్పు లేదు. ఆ కార్డులు పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఇక ఎటు వెళ్ళాలో చెప్పే బాధ్యత మాత్రం మీ అందరిదీ. ఎన్‌విడియా కార్డు ఉంటేనే నడిచే జీపీయూగ్రిడ్ లాంటి చోటికి ఏఎండీ కార్డుతో వెళ్ళి తిరిగి వచ్చేవాడికి దారి చూపించేది ఎవరు?

దీనికి మీ దగ్గర సిద్ధంగా ఉండే జవాబు నాకు తెలుసు. మా సర్వరే చూసుకుంటుంది, సరిపడని మెషీన్‌కు టాస్కు పంపదు అంటారు. నిజమే, సర్వర్ చూస్తుంది. ఎప్పుడు చూస్తుంది? మనిషి ప్రోగ్రామ్ దించుకుని, ఖాతా తెరిచి, ప్రాజెక్టుకు అనుసంధానమై, పని కోసం అడిగిన తరువాత. అప్పుడైనా మొహం మీద చెప్పదు. ఈవెంట్ లాగ్ అనే మరుగున ఉన్న కిటికీ తెరిచి, సమయ ముద్రలతో నిండిన వరుసల్లో వెతికితే, ఫలానా టాస్కుకు ఇన్ని మెగాబైట్లు కావాలి, ఇక్కడ ఇన్నే ఉన్నాయి అని ఒక వరుస కనిపిస్తుంది. ఆ కిటికీ సంగతి తెలియనివాడికి కనిపించేది ఖాళీ జాబితా. రెండు రోజులు చూస్తాడు, ప్రోగ్రామ్ తీసేస్తాడు. విందుకు పిలిచి, వచ్చి కూర్చున్నాక విస్తరి లేదని వంటింటి గోడ మీద రాసి పెట్టినట్టుంది ఈ పద్ధతి. అలా వెళ్ళిపోయినవాళ్ళ లెక్క మీరు ఎప్పుడైనా తీశారా?

కరెంటు పోవడం గురించి కూడా మీరు ఆలోచించాలి. ప్రపంచంలో అందరి ఇళ్ళలోనూ ఇరవై నాలుగు గంటలు నిరాటంకంగా సరఫరా ఉండదు. మా పల్లెల్లో గాలీవానా వస్తే తీగలు తెగుతాయి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కూడా దాని మీద ఫ్యాన్లు, లైట్లు పెడతారు గానీ డెస్క్‌టాప్ పెట్టరు. ప్రైమ్95 మామూలు సెట్టింగుల్లో అరగంటకోసారి తన పని డిస్కు మీద రాసుకుంటుంది. కరెంటు పోయినా నష్టం అరగంటే. గంటల తరబడి నడిచిన పనిని ఎక్కడా భద్రం చేసుకోకుండా, ఆపి మళ్ళీ మొదలుపెడితే మొదటికి వచ్చే టాస్కులు మీలో కొందరి దగ్గర ఇంకా ఉన్నాయి. రోజుకు నాలుగు గంటలు మాత్రమే ఆన్‌లో ఉండే కంప్యూటర్‌కు అలాంటి పని ఇస్తే అది ఏ జన్మకూ పూర్తి కాదు. ‘ఈ పని మధ్యలో ఆపితే పోతుంది’ అని ముందే రాయడానికి మీకు అయ్యే ఖర్చెంత?

ఈ విషయంలో ఫోన్ యాప్ రాసినవాళ్ళను మెచ్చుకోవాలి. ఆండ్రాయిడ్ బోయింక్ యాప్ మామూలు సెట్టింగుల్లో ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటేనే, బ్యాటరీ 90 శాతం దాటితేనే పని మొదలుపెడుతుంది. బ్యాటరీ వేడి 40 డిగ్రీలు దాటితే ఆపేస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఆ యాప్ అసలు పనే చేయదు, చేయకూడదు కూడా. ఫోన్ యజమాని మేలు చూసి పెట్టిన పరిమితులవి. ఇంటి డెస్క్‌టాప్ విషయంలోనూ, ల్యాప్‌టాప్ విషయంలోనూ ఆ శ్రద్ధ ఏమైపోయింది? దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో, ఏసీ లేని గదిలో, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్‌లో అన్ని కోర్లనూ వంద శాతం నడిపితే దాని ఆయుష్షు ఏమవుతుందో మీకు తెలియదా? కోర్లలో సగమే వాడుకోవచ్చు, రాత్రి చల్లబడ్డాకే నడుపుకోవచ్చు. ఆ వెసులుబాట్లన్నీ బోయింక్‌లో ఉన్నాయి. వాటిని చేరిన మొదటి నిమిషంలో చూపించకుండా సెట్టింగుల లోపలి పొరల్లో ఎందుకు ఉంచారు?

చిన్న మెషీన్లతో ఇక పనేముంది అని మీలో కొందరు బాహాటంగానే అంటున్నారు. 2024 అక్టోబరులో ప్రకటించిన కొత్త మెర్సెన్ ప్రధాన సంఖ్యను ఉదాహరణగా చూపిస్తున్నారు. రెండును 13,62,79,841 సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే ఆ సంఖ్యలో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. దాన్ని పట్టుకున్నది అద్దెకు తీసుకున్న డేటా సెంటర్ గ్రాఫిక్స్ ప్రాసెసర్లు. ఆ వేటలో 28 ఏళ్ళుగా సాగిన మామూలు కంప్యూటర్ల ఏలుబడి అక్కడితో ముగిసింది. ఇది కాదనలేని నిజం. ఆ ప్రాజెక్టు ఇప్పటికీ చిన్నవాళ్ళకు తలుపు మూయలేదన్నది కూడా అంతే నిజం. కొత్త సంఖ్యల పరీక్ష చేయలేని మెషీన్ పాత ఫలితాలను సరిచూడవచ్చు, చిన్న సంఖ్యల కారణాంకాలు వెతకవచ్చు, ఇతరులు పంపిన రుజువులను ధ్రువీకరించవచ్చు. ఆ ధ్రువీకరణ పూర్తి పరీక్షలో ఒక శాతం కూడా ఉండదు. ఏ పని చేస్తావని ప్రోగ్రామే అడుగుతుంది. మీరు అనుకరించాల్సింది ఇదే.

అసలు మీ ఇల్లు కట్టింది ఎవరి ఇటుకలతో? 1999 మే నెలలో బర్క్‌లీ నుంచి, గ్రహాంతర జీవుల సంకేతాల కోసం వెతికే సెటి ఎట్ హోమ్ మొదలైనప్పుడు జనం దగ్గర ఉన్నవి ఇప్పటి చవక ఫోన్‌కు కూడా సాటిరాని కంప్యూటర్లు. లక్షలాది మంది వాటినే ఇచ్చారు. ఆ అనుభవంలోంచే 2002లో బోయింక్ పుట్టింది, ఇవాళ మీలో ఎక్కువమంది నిలబడిన వేదిక అదే. 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ తన మొదటి పల్సార్‌ను కనిపెట్టినప్పుడు దాన్ని పట్టుకున్నవి అమెరికాలోని అయోవాలో భార్యాభర్తలిద్దరి కంప్యూటర్, జర్మనీలో మరొకరి కంప్యూటర్. 2020 మార్చిలో కోవిడ్ పరిశోధన కోసం ఫోల్డింగ్ ఎట్ హోమ్ పిలుపునిస్తే జనం ఎంతగా ఎగబడ్డారంటే, ఇచ్చేందుకు సర్వర్ల దగ్గర పని చాలలేదు. ఆ నెలాఖరుకల్లా ఆ ప్రాజెక్టు ఎక్సాఫ్లాప్ వేగం దాటింది. అప్పటికి ప్రపంచంలో ఏ సూపర్ కంప్యూటరూ అంత దూరం రాలేదు. అవసరం పడిన రోజున మళ్ళీ వాళ్ళనే పిలవాలి కదా. మామూలు రోజుల్లో వాళ్ళను పట్టించుకోకపోతే ఆ రోజున ఏ మొహం పెట్టుకుని పిలుస్తారు?

ఫోల్డింగ్ ఎట్ హోమ్ సంగతి వచ్చింది కాబట్టి న్యాయంగా ఒక మాట చెప్పాలి. అక్కడ ఒక టాస్కు ఫలితం వచ్చాకే దాని తరువాతి టాస్కు తయారవుతుంది. ప్రొటీన్ కదలికలో ఒక దశ తెలియకుండా మరుసటి దశ లెక్కించలేరు. అందుకే త్వరగా తిప్పి పంపినవాళ్ళకు ఎక్కువ పాయింట్లిస్తారు. నెమ్మది మెషీన్ నిజంగానే ఆ గొలుసును ఆపేస్తుంది. అలాంటి చోట పాత డెస్క్‌టాప్ వద్దనడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. వద్దన్నందుకు మేము నొచ్చుకోము. సెటి ఎట్ హోమ్ వాళ్ళు 2020 మార్చిలో ఏం చేశారో గుర్తు చేసుకోండి. పోగైన దత్తాంశాన్ని విశ్లేషించుకోవాలి, కొత్త పని పంపడం నెలాఖరుతో ఆపేస్తున్నాం అని కారణంతో సహా నెల మొదట్లోనే చెప్పారు. ఇరవై ఏళ్ళు వెంట నడిచినవాళ్ళకు అది కష్టంగా అనిపించింది గానీ అవమానంగా అనిపించలేదు.

మంచి ఉదాహరణలు మీలోనే ఉన్నాయి. ప్రైమ్‌గ్రిడ్ తన ఉపప్రాజెక్టుల జాబితాలో ఒక్కో పనికి సగటున ఎంత సమయం పడుతోందో పక్కనే చూపిస్తుంది. గంటలో అయ్యేదేదో, రోజులు పట్టేదేదో పని ఎంచుకునే ముందే తెలుస్తుంది. రొజెట్టా ఎట్ హోమ్‌లో ఒక్కో టాస్కు ఎన్ని గంటలు నడవాలో యజమానే నిర్ణయించుకోవచ్చు. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌లో పరిశోధన వారీగా ఏది కావాలో ఏది వద్దో గుర్తు పెట్టుకోవచ్చు. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ పెద్ద గ్రాఫిక్స్ కార్డులకు ఒక పని, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డులకూ ఫోన్లకూ ఇంకో పని ఉంచింది. ఆ ప్రాజెక్టు లైగో పరిశీలనశాలల దత్తాంశంలో గురుత్వాకర్షణ తరంగాల కోసం వెతుకుతుంది. మన దేశంలో మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో ఇండియా నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయి దత్తాంశం రావడం మొదలైతే దాని మీద మా పిల్లలకు ఉండే ఆసక్తి వేరు. అప్పటికి వాళ్ళ చేతిలో ఉండే మెషీన్‌కు తగిన పని మీ దగ్గర ఉంటుందా?

మా మెషీన్లు ఎలా ఉంటాయో కూడా కాస్త తెలుసుకోండి. హైదరాబాద్ కంపెనీలు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీ లాంటి బజార్లలో సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. చాలా ఇళ్ళలోకి మొదటి కంప్యూటర్ వచ్చేది అలాగే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది, విండోస్ 11 ఎక్కని పాత మెషీన్లు లెక్కలేనన్ని మిగిలాయి. వాటిలో లినక్స్ వేసుకుని కొందరు నడిపిస్తున్నారు, కొందరు అటక మీద పెట్టేశారు. వాటిలో ఏది మీ పనికి ఆనుతుందో, ఏది కరెంటు తినడం తప్ప ఉపయోగం లేనిదో చెప్పగలిగింది మీరే. వాట్‌కు పని తక్కువ చేసే ముసలి మెషీన్‌ను ఆపేయమని చెప్పినా అది సేవే. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మా పిల్లల దగ్గర ఆటల కోసం కొన్న శక్తిమంతమైన కార్డులున్నాయి. వాళ్ళకు వేరే పని చెప్పండి. ఇద్దరికీ ఒకే వాక్యం రాసి ఊరుకుంటే ఎలా?

మేము అడుగుతున్నది కొండమీది కోతి కాదు. ప్రతి ప్రాజెక్టూ తన మొదటి పేజీలో, ‘చేరండి’ బటన్‌కు పైన, మామూలు మనిషికి అర్థమయ్యే నాలుగైదు వాక్యాలు రాయాలి. టాస్కుకు ఎంత ర్యామ్ కావాలి, ఎన్ని గంటలు పడుతుంది, గడువు ఎన్నాళ్ళు, మధ్యలో ఆగితే పని నిలుస్తుందా పోతుందా, గ్రాఫిక్స్ కార్డు కావాలంటే ఏ కంపెనీది, డబుల్ ప్రెసిషన్ అవసరమా, వర్చువల్‌బాక్స్ కావాలా, కరెంటు అదనంగా ఎంత పడుతుంది. ఇవి మారితే నెల ముందు చెప్పాలి. సరిపోని మెషీన్ వస్తే ఆ మాట ఈవెంట్ లాగ్‌లో దాచకుండా తెర మీదే చెప్పి, సరిపోయే ఇతర ప్రాజెక్టుల పేర్లు చూపించాలి. బోయింక్‌ను రూపొందించినవాళ్ళే సైన్స్ యునైటెడ్ అనే పద్ధతి ఇప్పటికే తెచ్చారు. అందులో మనిషి తనకు ఇష్టమైన శాస్త్రరంగం చెప్తాడు, ప్రాజెక్టును అదే ఎంచుతుంది. రంగంతో పాటు మెషీన్‌నూ, ఇంటి కరెంటు పరిస్థితినీ అడిగి దారి చూపేలా దాన్ని మీరంతా కలిసి ఎందుకు పెంచకూడదు? ఒకరి దగ్గర పని లేనప్పుడు వచ్చినవాణ్ణి ఇంకొకరి దగ్గరికి పంపితే మీలో ఎవరికి నష్టం?

విశ్వవిద్యాలయాల పెద్దలకు విడిగా ఒక మాట. ఈ ప్రాజెక్టుల్లో చాలావాటి వెనక ఒకరిద్దరు మనుషులే ఉంటారని, వాళ్ళే పరిశోధన చేయాలి, వాళ్ళే సర్వర్ నడపాలి, వాళ్ళే జవాబులు రాయాలని మాకు తెలుసు. విసుక్కున్న జవాబు వెనక నిద్రలేని మనిషి ఉంటాడని కూడా తెలుసు. కోట్ల రూపాయల సూపర్ కంప్యూటర్ కొంటే దాన్ని చూసుకోవడానికి సిబ్బందిని పెడతారు కదా. వేల ఇళ్ళు సొంత ఖర్చుతో అంతకు సాటి శక్తిని మీ చేతికి ఇస్తుంటే, ఆ ఇళ్ళతో మాట్లాడటానికి ఒక్క ఉద్యోగిని పెట్టలేరా? ఆ ఫలితాలతో వచ్చే పరిశోధన పత్రాల మీద మీ సంస్థ పేరు ఉంటుంది. ఆ ఇళ్ళ పట్ల బాధ్యత మీది కాదంటారా?

ఈ ఉత్తరం రాస్తుండగానే మా వీధిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి అడిగింది. వాళ్ళింట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాలుగు కోర్ల ఐ5 డెస్క్‌టాప్ ఉంది. 8 జీబీ ర్యామ్, అదీ ఒకే స్టిక్. గ్రాఫిక్స్ కార్డు లేదు, యూపీఎస్ లేదు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఆన్‌లో ఉంటుంది. కరెంటు బిల్లు 200 యూనిట్లు దాటితే వాళ్ళ నాన్న ఊరుకోడు. ఆమెకు ఖగోళశాస్త్రం అంటే ఇష్టం, ఏ ప్రాజెక్టులో చేరమంటారు అంటోంది. మీ పేజీలన్నీ తెరిచి చూపించినా ఆమెకు జవాబు దొరకలేదు. ఏ పేరు చెప్పమంటారో మీరే రాయండి.

ఇట్లు,
మీ ప్రాజెక్టులకు కంప్యూటర్ ఇస్తున్న ఒక గృహస్థు,
హనుమకొండ